బోర్డింగ్ స్కూల్ అడ్మిషన్‌లో ఎస్‌ఎస్‌ఏటీ (అమెరికా ప్రైవేట్ స్కూళ్ల ఎంట్రన్స్ టెస్ట్) స్కోరు ఎంతవరకు చూస్తారు? 74 పర్సంటైల్‌తో అప్లై చేయొచ్చా?

ఎయిత్‌గ్రేడ్_నాన్న:
మా పాప ఇప్పుడు ఎయిత్ గ్రేడ్. వచ్చే ఫాల్‌కి నైన్త్‌లో చేరేలా అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్లకి అప్లై చేస్తున్నాం, ఆండోవర్, ఎక్సెటర్, ఇంకో నాలుగైదు చిన్నవి. మొన్న రాసిన ఎస్‌ఎస్‌ఏటీలో టోటల్ 74 పర్సంటైల్ వచ్చింది. మ్యాథ్ 90 దాటింది, రీడింగ్ పర్లేదు, వెర్బల్ మాత్రం 55 దగ్గర కూలబడింది. స్కూల్లో చూస్తే ఇంగ్లిష్‌లో ఎప్పుడూ ఏ గ్రేడే మరి. కన్సల్టెంట్ ఒకాయన 85 లేకపోతే పెద్ద స్కూళ్ల ఊసెత్తొద్దు అన్నాడు, మా ఆవిడేమో టెస్ట్ ఆప్షనల్ ఉన్నచోట, అంటే స్కోరు తప్పనిసరి కానిచోట, అసలు స్కోరే పంపొద్దు అంటోంది. జనవరి 15 డెడ్‌లైన్ ముంచుకొస్తోంది, డిసెంబర్‌లో మళ్ళీ రాయించాలా లేక ఎస్సేలు, ఇంటర్వ్యూల మీద పడాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

డార్మ్_పేరెంట్:
అన్నా ముందు ఆ 74 చూసి కంగారు పడకండి. అది దేశంలో పిల్లలందరితో పోల్చిన పర్సంటైల్ కాదు, గత మూడేళ్లలో అదే గ్రేడ్‌లో ఎస్‌ఎస్‌ఏటీ రాసినవాళ్లతో మాత్రమే పోలుస్తారు. ఆ పరీక్ష రాసేదే ప్రైవేట్ స్కూళ్లకి వెళ్దామనుకునే పిల్లలు, సగం మంది ట్యూటర్ని పెట్టుకుని మరీ వస్తారు. అందుకే స్టేట్ టెస్టుల్లో 98, 99 తెచ్చుకునే పిల్లలు కూడా ఇక్కడ 70ల్లో కనపడతారు, ఇదేం వింత కాదు.

స్కోరు ఒక్కదాన్నీ పట్టుకుని ఎవరూ సీటివ్వరు. ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూల్ గ్రేడ్ల రికార్డు), ఇంగ్లిష్, మ్యాథ్ టీచర్ల రికమెండేషన్లు, ఇంటర్వ్యూ, వీటి పక్కన పెట్టి చూస్తారు. మీ కేసులో ఇంగ్లిష్‌లో ఏ, వెర్బల్‌లో 55 అంటే చదివేవాళ్లకి ఒక డౌట్ వస్తుంది, ఆ స్కూల్లో గ్రేడ్లు ధారాళంగా వేస్తారా అని. ఆ డౌట్ తీర్చేది ఇంగ్లిష్ టీచర్ లెటరే. ఇంకోటి, ఎస్‌ఎస్‌ఏటీలో 25 నిమిషాల రైటింగ్ శాంపిల్ ఉంటుంది చూడండి, దానికి మార్కులుండవు కానీ స్కూళ్లకి వెళ్తుంది. ఇంట్లో తీరిగ్గా పది చేతులు పడ్డ ఎస్సే, హాల్లో ఒంటరిగా గిలికిన ఆ పేజీ రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. తేడా ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి ఎస్సేని మరీ పాలిష్ చేయించకండి.

నిజం_చెప్తా:
పైన చెప్పింది కరెక్టే కానీ మరీ అంత తేలిగ్గా తీసుకోవద్దండి. సీట్లన్నీ అందరికీ ఓపెన్ అనుకోకండి. హాకీ, రోయింగ్, స్క్వాష్ కోచ్‌లు అడిగిన పిల్లలు, అక్కడే చదువుకున్నవాళ్ల పిల్లలు, తమ్ముళ్లు చెల్లెళ్లు, ఫ్యాకల్టీ పిల్లలు, వీళ్లందరూ పోగా మిగిలిన సీట్లకి మనవాళ్లు పోటీ. అక్కడ ప్రతి ఫైల్లోనూ మ్యాథ్ ఎక్కువ, వయొలినో చెస్సో ఉండనే ఉంటుంది. కోచ్‌కి కావాల్సిన పిల్లాడికి 60 వచ్చినా నడుస్తుంది, అదే మన పిల్లకైతే తీసేయడానికి సాకవుతుంది. అన్యాయమే, కానీ జరిగేది ఇదే.

ఫుల్ ఫీజు కడతాం కదా అన్న ధీమా కూడా ఆండోవర్, ఎక్సెటర్ దగ్గర పనికిరాదు, రెండూ నీడ్ బ్లైండ్, అంటే ఫీజు కట్టగలరా లేదా అన్నది చూడకుండానే సీటిస్తాయి. ఫీజు సాయం (ఎయిడ్) బడ్జెట్ పరిమితంగా ఉండే స్కూళ్లలో అయితే కొంచెం కలిసొస్తుంది. ఇక టెస్ట్ ఆప్షనల్ అంటారా, కోవిడ్ టైమ్‌లో చాలా స్కూళ్లు ఎత్తేశాయి, తర్వాత కొన్ని మళ్ళీ తప్పనిసరి చేశాయి. నిరుటి మాట నమ్మకుండా ఒక్కో స్కూల్ పేజీ తెరిచి ఈ ఏడు రూల్ చూడండి. నిజంగా ఆప్షనల్ అయితే ఆ చిన్న స్కూళ్లకి 74 హాయిగా పంపొచ్చు, పెద్ద రెండిటికి మాత్రం ఇంకోసారి రాయించాకే.

వెర్బల్_బాధితుడు:
ఒక్కటి అడుగుతా, స్కోర్ రిపోర్ట్‌లో తప్పులెన్ని, వదిలేసినవెన్ని అని ఉంటుంది కదా, వెర్బల్‌లో ఎంతుంది?

ఎయిత్‌గ్రేడ్_నాన్న:
ఇప్పుడే చూశా. 39 రైట్, 21 తప్పు. ఒక్కటి కూడా వదల్లేదు.

వెర్బల్_బాధితుడు:
అనుకున్నా. వెర్బల్ 30 నిమిషాల్లో 60 ప్రశ్నలు, 30 సినానిమ్స్ (అదే అర్థం ఉన్న పదం), 30 అనాలజీలు (పదాల జతల మధ్య పోలిక). తప్పుకి పావు మార్కు కోత, అంటే 21 తప్పులకి ఐదు మార్కుల పైనే ఎగిరిపోయాయి, రా స్కోర్ 34 కూడా లేదు. మన స్కూళ్లలో ఏదీ వదలకు, ఏదో ఒకటి పెట్టు అని అలవాటు చేస్తారు కదా, అదే ఇక్కడ కొంప ముంచుతుంది. ఐదు ఆప్షన్లలో ఒక్కటైనా ఖాయంగా కాదని తెలిస్తే పెట్టాలి, మాట ముఖం కూడా ఎరగకపోతే వదిలేయాలి. గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ లేదు పోయేదీ లేదు, టైమ్ మాత్రం పోతుంది. ఇప్పుడు వెయ్యి పదాలు బట్టీ పట్టించకండి, లాటిన్ మూలాలు ఒక యాభై అరవై చాలు, సగం సినానిమ్స్ అక్కడే విడిపోతాయి. మళ్ళీ ఇదే ఎందుకు అనుకుంటే ఐఎస్ఈఈ అనే ఇంకో ఎంట్రన్స్ టెస్ట్ కూడా తీసుకునే స్కూళ్లు బోలెడు, అందులో తప్పులకి కోత లేదు.

డార్మ్_పేరెంట్:
మీకు డిసెంబర్ టెస్ట్ రాయించడమే మంచిది, ఏ స్కోరు పంపాలో మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి పోయేదేం లేదు. కానీ వారాంతాలన్నీ ప్రిపరేషన్‌కే పెట్టొద్దు. ఇంటర్వ్యూలో ఈ మధ్య ఏం చదివావమ్మా అంటే వొకాబ్ లిస్ట్ అని చెప్పే పరిస్థితి రాకూడదు 😄 ఎక్సెటర్ లాంటి చోట క్లాసే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం, నోరు విప్పని పిల్లకి 95 పర్సంటైల్ ఉన్నా కష్టమే. టీచర్లకి రికమెండేషన్ లింకులు ఈ వారమే పంపేయండి, వింటర్ బ్రేక్ మొదలైతే ఎవరూ దొరకరు.