మగ్గు పైకెత్తితే చాలు గుక్కపట్టి ఏడుస్తోంది, ఏం చేయమంటారు?

పటమట అమ్మ:
మేముండేది విజయవాడ పటమటలో. మా పాపకి ఏడాదిన్నర. మొన్నమొన్నటిదాకా మా అత్తయ్య కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంటే హాయిగా పోయించుకునేది, తల తుడిచేలోపే నిద్రపోయేది. అత్తయ్య ఊరెళ్ళారు. ఇప్పుడు నేను బాత్రూంలో పీట మీద కూర్చోబెట్టి పోస్తున్నాను. ఒళ్ళు తడిపినంతసేపూ బాగానే ఉంటుంది, మగ్గు తలదాకా వచ్చిందంటే నా మెడ కరుచుకుపోయి గుక్కపడుతుంది. నిన్నయితే బకెట్లో పంపు నీళ్ళు పడే చప్పుడుకే గదిలోకి పరిగెత్తింది. ఎండలు చూస్తే ఇలా ఉన్నాయి, రెండు పూటలా నీళ్ళు పోయకపోతే మెడ కింద చెమటకాయలు. నాలుగు రోజులు ఏడ్చినా పోసేస్తే అదే అలవాటవుతుందని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

బ్రాడీపేట నుంచి:
బలవంతంగా మాత్రం పోయకండి, ప్లీజ్. ఆ ఈడు పిల్లల్లో ఈ భయం చాలా మామూలు, వాళ్ళకి జరగబోయేది తెలుస్తుంది కానీ ఆపడం చేతకాదు. మీ అత్తగారు పోసేటప్పుడు ఏం చేసేవారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పాప పడుకుని ఉండేది, ఆవిడ చెయ్యి నుదుటి మీద అడ్డంగా ఉండేది, నీళ్ళు వెనక్కి జారిపోయేవి. ఇప్పుడు కూర్చోబెట్టి పై నుంచి పోస్తే తిన్నగా కళ్ళలోకి, ముక్కులోకి వస్తాయి, ఊపిరాడనట్టు అవుతుంది. కాబట్టి మీ మోచేతి మీదకి మెడ వాల్చి, నుదుటి దగ్గర అరచెయ్యి చూరులా పట్టి, వెనక వైపు నుంచి కొంచెం కొంచెంగా పోయండి. "పైన బల్లి ఏదమ్మా?" అంటే మా వాడు తల పైకెత్తేసేవాడు. పోసే ముందు ప్రతిసారీ "ఒకటి, రెండు, పోస్తున్నా" అని చెప్పండి, చెప్పకుండా ఒక్క చుక్క కూడా వద్దు.

అసలు కొన్నాళ్ళు తల జోలికే వెళ్ళకండి. చెమటకాయలకి ఒళ్ళు కడిగితే చాలు, తల తడిగుడ్డతో తుడవచ్చు. ఈలోపు తనకో చిన్న చెంబు ఇచ్చి మీ చేతుల మీద, మీ పాదాల మీద, బొమ్మ తల మీద పోయమనండి. పోసేది తనైతే భయం చాలావరకు తగ్గుతుంది.

సత్యనారాయణపురం నాన్న:
పంపు చప్పుడుకి పారిపోతోందన్నారు కదా, బకెట్ ముందే నింపేసి ఆ తర్వాత పాపని తీసుకెళ్ళండి. ఇంకో మాట. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసుగా, గీజర్ వేయకపోయినా చెయ్యి పెట్టలేం. అవి ఒక్కసారి ఒంటి మీద పడినా పిల్లలు బాత్రూం అంటేనే హడలిపోతారు. పొద్దున్నే పట్టి నీడలో ఉంచిన నీళ్ళు వాడండి. కలిపేటప్పుడు ముందు చన్నీళ్ళు, ఆపైన వేడినీళ్ళు, తర్వాత మోచెయ్యి ముంచి చూడండి, వేళ్ళకి వేడి సరిగ్గా తెలియదు. 37, 38 డిగ్రీలు అంటే మన ఒంటి వేడి అంత, వేడిగా అనిపించకూడదు, చల్లగానూ అనిపించకూడదు. చలికాలంలో గీజర్ 50 దాటనివ్వకండి, 60 డిగ్రీల నీళ్ళు పసిచర్మాన్ని క్షణాల్లో కాల్చేస్తాయి.

ఆడుకోమని చెంబు ఇచ్చి పక్కకి మాత్రం వెళ్ళొద్దు, ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ కొట్టినా సరే. బకెట్ అడుగున రెండు అంగుళాల నీళ్ళున్నా ఆ వయసు పిల్లలకి ప్రమాదమే, తలకిందులుగా పడితే లేవలేరు, అరుపు కూడా వినపడదు. స్నానం అవగానే బకెట్ బోర్లించేయండి.

తెనాలి అమ్మమ్మ:
అమ్మాయ్, సబ్బు నీళ్ళు పడితే పీట జారుతుంది. ఒక్కసారి జారిందంటే పిల్ల ఇక దాని మీద కూర్చోదు. పీట మీద పాత తువ్వాలు మడిచి వెయ్యి, లేదంటే నువ్వు కింద కూర్చుని నీ ఒళ్ళోనే కూర్చోబెట్టుకో, నీ బట్టలు తడిస్తే తడిశాయి. ఆకలి మీద, నిద్ర మీద ఉన్నప్పుడు పోయకు. సున్నిపిండితో గట్టిగా రుద్దే పని కూడా మానేయ్, చెమటకాయల మీద అది మంట పుట్టిస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యకు, సాంబ్రాణి పొగ మొహానికి పట్టకు. ఇవన్నీ మా రోజుల్లో చేసినవే, ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు, వాళ్ళు చెప్పేదే నిజం, పొగ పసివాళ్ళ ఊపిరితిత్తులకి మంచిది కాదు. చెవి పదేపదే లాక్కుంటోందా? తల వాలిస్తేనే ఏడుస్తోందా? జ్వరం ఉందా? ఉంటే చెవి నొప్పేమో, పిల్లల డాక్టరుకి చూపించు.

పటమట అమ్మ:
అందరికీ థాంక్సండీ. చెవి లాక్కోవడం, జ్వరం ఏమీ లేవు అమ్మమ్మగారూ. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టే సంగతి నాకు తట్టనే లేదు, అత్తయ్యకి ఫోన్ చేస్తే ఆవిడా అదే అన్నారు. ఈ సాయంత్రం ఒళ్ళు మాత్రమే కడిగాను, స్టీలు చెంబు ఇస్తే నా కాళ్ళ మీద పోస్తూ "ఒకతి, లెండు" అంటోంది. మావారికి ఇదంతా చదివి వినిపించాను, బలవంతం మాట ఇక ఎత్తలేదు. రెండు పూటలా సబ్బు రాయాలా?

బ్రాడీపేట నుంచి:
అక్కర్లేదండీ, ఒక పూట చాలు, రెండో పూట వట్టి నీళ్ళే. మెడ మడతలు మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి, పౌడర్ వద్దు.