ఎక్కాల పట్టిక చూస్తూ భాగహారం చేయించవచ్చా?

కావలి అమ్మ: మా పాప నాలుగో తరగతి. వాళ్ల టీచర్ పదో ఎక్కం దాకా ఉన్న పట్టిక ఇచ్చి, 56ను 7తో భాగించాలంటే 7 వరుసలో 56 ఎక్కడుందో చూడు, ఆ నిలువు వరుసలో అన్నిటికంటే పైన ఉన్న అంకే జవాబు అన్నారట. ఇలా చూసి చేస్తుంటే ఎక్కాలు నోటికి ఎప్పుడొస్తాయండీ?

ఒంగోలు తాతయ్య: రావమ్మా. మేం ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పాకే భాగహారం మొదలుపెట్టేవాళ్లం. ముందు ఆ పట్టిక పక్కన పెట్టించు.

నెల్లూరు టీచర్: తాతయ్య గారూ, నేను ఒప్పుకోను. ఏడో ఎక్కం గడగడా చెప్పే పిల్లల్నే 56లో ఎన్ని ఏడులున్నాయని అడిగి చూడండి, చాలామంది మళ్లీ ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే ముందుకు చెప్పడమే అలవాటైంది కానీ జవాబు నుంచి వెనక్కి రావడం ఎవరూ చేయించలేదు. పట్టికతో జరిగేది ఆ వెనక్కి రావడమే. 36 అనేది 4, 6, 9 మూడు వరుసల్లోనూ కనిపిస్తుంది, అంటే నలుగురికైనా ఆరుగురికైనా తొమ్మిదిమందికైనా మిగలకుండా పంచవచ్చని పిల్లలే పట్టేస్తారు. అసలు లాభం శేషం దగ్గర. 58ని 7తో భాగించమంటే ఆ వరుసలో 58 లేదు, దాటకుండా దగ్గరున్నది 56, కాబట్టి భాగఫలం 8, శేషం 2. ఎందుకు మిగిలిందో కళ్లకు కనిపిస్తుంది. అయితే దీనికి ముందు చింతగింజలతో పంచి చూపించాలి, లేకపోతే వెతకడమే మిగులుతుంది.

ఒంగోలు తాతయ్య: సరే, 612ను 6తో భాగించమంటే సున్నా మర్చిపోయి 12 అని రాస్తారు. దానికి మీ పట్టిక ఏం చేస్తుంది?

నెల్లూరు టీచర్: ఏమీ చేయదు, అక్కడ స్థానవిలువ రావాలి. 600లో వంద ఆరులు, 12లో రెండు, మొత్తం 102. ఎక్కాలన్నీ నోటికొచ్చిన పిల్లలూ అక్కడ తప్పు చేస్తారు.

కావలి అమ్మ: మరి పట్టిక ఎప్పుడు ఆపాలి మేడమ్?

నెల్లూరు టీచర్: ఒకేసారి లాక్కోవద్దు. వెతక్కుండా చెప్పిన గడిని కొట్టేయమనండి. 7×8 వస్తే 8×7 కూడా వచ్చినట్టే, అందుకే 100 గళ్లలో నేర్చుకోవాల్సినవి 55 మాత్రమే. ఒకట్లు, పదులు ఎలాగూ తేలిక, మొదటి వారంలోనే పోతాయి.