క్లూజ్‌లో పది వారాలు: ఆ కొండల మధ్య ఇన్ని లేత్ షాపులేంటి?

బాలానగర్_సెట్టర్

అందరికీ నమస్తే. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక జాబ్ వర్క్ షాపులో (వేరే కంపెనీలకి పార్టులు చేసిచ్చే షాపు) సెట్టర్‌ని, అంటే మెషిన్‌లో టూల్స్, కొలతలు సెట్ చేసేవాణ్ని. ట్రాబ్ అనే ఆటోమేటిక్ లేత్ మీద పని నేర్చుకుని, నాలుగేళ్లుగా స్లైడింగ్ హెడ్ సీఎన్‌సీ (సన్నటి పార్టులు కోసే కంప్యూటర్ లేత్) నడుపుతున్నా. కొత్త మెషిన్ ట్రైనింగ్ కోసం మా సేటు నవంబరులో నన్ను ఫ్రాన్స్ పంపుతున్నాడు. పది వారాలు. ఊరి పేరు క్లూజ్. ఫొటోల్లో మోంట్ బ్లాంక్ మంచుకొండ చూసి మా ఆవిడ "ట్రైనింగా, హనీమూనా?" అంటోంది.

నా డౌటు వేరే. మ్యాప్ జూమ్ చేస్తే ఆ లోయ పొడుగునా షెడ్లే షెడ్లు. బాలానగర్‌లో షాపులున్నాయంటే హెచ్ఏఎల్, ఐడీపీఎల్ లాంటి పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలు వచ్చాయి కాబట్టి. ఆ కొండల్లో ఏముందని? ఎవరైనా అక్కడ ఉండి వచ్చారా? చలి, తిండి గురించి కూడా చెప్పండి.

జెనీవా_వదిన

ముందు మంచి జాకెట్ కొనుక్కో తమ్ముడూ, మిగతావి తర్వాత. నేను క్లూజ్‌ని, మోంట్ బ్లాంక్ కింద ఉన్న షామొనీ వెళ్లేటప్పుడు రైలు కిటికీలోంచి చూడ్డమే తప్ప దిగలేదు. కందిపప్పు, చింతపండు కావాలంటే జెనీవా రావాల్సిందే, స్టేషన్ చుట్టుపక్కల మన సరుకుల కొట్లున్నాయి. 2019 డిసెంబరు నుంచి లేమాన్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు నడుస్తున్నాయి, గంట పైనే పడుతుంది. బోర్డర్ దాటుతావు కాబట్టి పాస్‌పోర్టు జేబులో ఉండాలి. ఊరి సంగతి గైడ్‌బుష్ గారు చెప్పాలి.

గైడ్‌బుష్

పిలిచారు కాబట్టి వచ్చా. మాది కుషాయిగూడ. క్లూజ్ పక్కనే సియోంజియేలో ఒక షాపులో రెండున్నరేళ్లు ఇన్‌స్పెక్షన్‌లో చేశా.

హనీమూన్ ఆశలు వదులుకో తమ్ముడూ. షామొనీ 1,035 మీటర్ల ఎత్తులో ఉంటుంది, క్లూజ్ 500 కూడా ఉండదు. మంచు పైన కొండల మీద కనిపిస్తూ ఉంటుంది, నీకు దక్కేది పొగమంచే. కొండల వరసని నది అడ్డంగా కోసుకుపోతే మిగిలే ఇరుకు సందుని ఫ్రెంచిలో క్లూజ్ అంటారు, ఊరి పేరూ అదే. మోంట్ బ్లాంక్ హిమానీనదాల నీళ్లు మోసుకొచ్చే ఆర్వ్ నది ఆ సందులోంచి దూరి బయటపడ్డాక లోయ ఒక్కసారిగా వెడల్పవుతుంది. నువ్వు చూసిన షెడ్లు ఆ వెడల్పులోవే: క్లూజ్, సియోంజియే, మార్నా, బోన్విల్ దాకా.

ఇక ఎందుకున్నాయంటే, చలికాలం. పొలం పని ఉండదు, నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి. 1720 ప్రాంతంలో బాలాలూ అనే ఆయన బయట గడియారాల పని నేర్చుకుని, పైనున్న సాన్ సిజిస్మోన్ పల్లెకి తిరిగొచ్చి ఊళ్లోవాళ్లకి నేర్పాడు. జెనీవా గడియారాల వాళ్లకి ఈ రైతులు కిటికీ పక్కన కూర్చుని చిన్న చిన్న పళ్లచక్రాలు చేసి ఇచ్చేవాళ్లు. పూర్తి గడియారం కాదు, అందులో ముక్కలే. అంటే మన జాబ్ వర్కే, 300 ఏళ్ల కింద!

1844లో ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. అప్పుడు ఈ ప్రాంతం, అంటే సవోయ్, ఇంకా ఫ్రాన్సులో లేదు, ట్యూరిన్‌లోని సార్డీనియా రాజు కింద ఉండేది. అందుకే మళ్లీ కట్టిన మెయిన్ వీధి ఇటలీ ఊళ్లలా తిన్నగా, కమానులతో ఉంటుంది. వానలో గొడుగు లేకుండా నడిచేయొచ్చు. ఊరు కోలుకోవాలని 1848లో గడియారాల స్కూలు పెట్టారు. టూల్ డిజైన్ నేర్పే మన సీఐటీడీ బాలానగర్‌కి ఎంతో, ఆ స్కూలు ఈ లోయకి అంత. 1860లో సవోయ్ ఫ్రాన్సులో కలిసింది. గడియారం ముక్కలు చేసే చెయ్యి తర్వాత సైకిళ్లకి, కార్లకి, విమానాలకి మళ్లింది. లోహపు బార్ నుంచి చిన్న పార్టులు కోసే ఈ పనిని డెకొల్తాజ్ అంటారు. ఫ్రాన్సులో తయారయ్యే అలాంటి పార్టుల్లో మూడింట రెండు వంతులు ఈ ఒక్క లోయవే అని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

అంతా సాఫీగా ఏం సాగలేదు. 1904లో ఒక ఫ్యాక్టరీలో సమ్మె జరిగితే యజమాని కొడుకులు కిటికీల్లోంచి కార్మికుల మీద కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. జనం ఆ ఫ్యాక్టరీని తగలబెట్టేశారు.

నీకు చేపలు పట్టే సరదా ఉంటే మిచెల్ రీలు పేరు విని ఉంటావు. అది క్లూజ్‌లోనే కార్పనో ఎ పోన్స్ కంపెనీ చేసింది. కిటికీ షట్టర్లకి మోటార్లు చేసే సోమ్‌ఫీ కూడా 1969లో ఇక్కడ పుట్టిందే. ఆ పాత కార్పనో కంపెనీ పేరు మీదున్న భవనంలోనే గడియారాల మ్యూజియం ఉంది. ఒక శనివారం దానికి కేటాయించు.

నా మొదటి వారం సంగతి చెప్తా. పెసరగింజ కన్నా చిన్న ఇత్తడి పార్టు. గేజ్‌లో ఓకే, పార్టు నీడని పెద్దది చేసి చూపే ప్రొఫైల్ ప్రొజెక్టర్‌లో ఓకే, పాస్ చేసేశా. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక సెట్టర్ వచ్చి, ఒకటి తీసి బొటనవేలి గోటి మీద మెల్లగా గీశాడు. గోటి మీద సన్నటి తెల్లగీత పడింది. "బావ్యూర్" అని పార్టుని స్క్రాప్ డబ్బాలో వేసి వెళ్లిపోయాడు. బావ్యూర్ అంటే బర్, కోసిన అంచున మిగిలిపోయే సన్నటి గరుకు. బోంజూర్ తర్వాత నాకొచ్చిన రెండో ఫ్రెంచి ముక్క అది.

అలాంటి చేతులే ఇప్పుడు దొరకట్లేదు. మా షాపులో ఇద్దరు సెట్టర్లు ఒకే ఏడాది జెనీవా వైపు వెళ్లిపోయారు. బోర్డర్ దాటితే జీతం ఎక్కడికో పోతుంది, వాళ్లని తప్పు పట్టలేం. పైగా డీజిల్ ఇంజెక్టర్ పార్టుల మీద బతికే షాపులు చాలా ఉన్నాయి, ఎలక్ట్రిక్ కారుకి ఆ పార్టులతో పనే లేదు. మా ఓనర్‌కి నిజమైన టెన్షన్ అదే. ఇక చలికాలంలో ఆ లోయలో గాలి ఘోరం. ఇటలీకి దారితీసే మోంట్ బ్లాంక్ సొరంగం వైపు పోయే లారీల పుణ్యం.

ఆనెసీ_విద్యార్థి

గైడ్‌బుష్ గారూ, అంతా బాగుంది కానీ లారీల దగ్గర ఒప్పుకోను. లారీల వాటా ఉంది, కాదనను. కానీ చలికాలంలో ఆ సన్నటి ధూళిలో ఎక్కువ భాగం ఇళ్లలో కట్టెల పొయ్యిలదే. చల్లగాలి అడుగున ఉండిపోయి, వెచ్చటి గాలి పైన మూతలా కూర్చుంటుంది, పొగ ఎటూ పోదు. పాత పొయ్యిలు మార్చుకోమని 2013లో డబ్బులు ఇవ్వడం కూడా మొదలుపెట్టారు. సెట్టర్ గారూ, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ మర్చిపోవద్దు.

బాలానగర్_సెట్టర్

థ్యాంక్స్ అన్నా. 300 ఏళ్ల జాబ్ వర్క్ అని చెప్తే మా సేటు "రేటు పెంచమని అడగడానికి ఇదో కొత్త దారి" అన్నాడు. ఆస్తమా లేదు. ఇంగ్లీషుతో నెట్టుకు రావచ్చా?

గైడ్‌బుష్

మెషిన్ దగ్గర నెట్టుకొస్తావు, డ్రాయింగ్ అందరికీ ఒకటే. అంకెల దగ్గరే జాగ్రత్త. వాళ్లకి దశాంశం అంటే కామా: 4.025ని 4,025 అని రాస్తారు. నేను ఒకసారి రిపోర్టులో 1,200 పీసులు అని రాస్తే, "ఒకటీ పాయింట్ రెండా? ఆ పాయింట్ రెండు పీసు ఏదీ, చూపించు" అని షాపంతా నవ్వారు. ఇంకోటి, వాళ్ల చేతిరాతలో 1 మనకి 7లా కనిపిస్తుంది. అసలు 7కి నడుం మీద అడ్డగీత ఉంటుంది. ఆ గీత చూడకుండా మెషిన్‌లో ఆఫ్‌సెట్ (టూల్‌ని సవరించే అంకె) కొట్టకు.

జెనీవా_వదిన

తిండి సంగతి మర్చిపోయారు మీరంతా. ఆవకాయ తెచ్చుకో, కవర్ మీద కవర్ వేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టు. చికెన్ పచ్చడి మాత్రం వద్దు, మన దేశం నుంచి మాంసంతో చేసినవి తేనివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. ఆదివారం కొట్లు చాలావరకు మూసేస్తారు, పాలూ కూరగాయలూ శనివారమే తెచ్చుకో.