ఊరగాయకి గాజు సీసానా, పౌచ్‌నా? నిజంగా ఏది తక్కువ నష్టం?

గోదారి_పచ్చళ్లు (తణుకు):

అందరికీ నమస్కారమండీ. తణుకులో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంటాను. మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. నేనూ మా ఆడపడుచూ కలిసి చేస్తాం, మామిడికాయల రోజుల్లో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు సాయానికి వస్తారు. చేసినదాంట్లో సగం ఊళ్లోనే పోతుంది. మిగతాది హైదరాబాద్‌కి, కొంచెం బెంగళూరుకి.

ఇన్నేళ్లూ పౌచ్‌ల్లోనే పంపాను. రెండేళ్ల కిందట ఒక కస్టమర్ "ఇంత శ్రద్ధగా చేసి ప్లాస్టిక్‌లో పోస్తారేంటండీ, భూమి ఏమైపోవాలి" అని మెసేజ్ పెట్టారు. ఆ మాట మనసులో ఉండిపోయింది. మా వీధి చివర మురుక్కాలవ పూడిక తీసిన ప్రతిసారీ గట్టు మీద పోసేదాంట్లో సగం కవర్లే. వాటిలో నావి కూడా ఉంటాయి కదా అనిపించింది. చీటీ డబ్బులు పెట్టి 2,000 గాజు సీసాలు తెప్పించాను. ప్రతి ఆర్డర్‌తో కొత్త గుడ్డ సంచి ఒకటి ఉచితంగా ఇవ్వడం కూడా మొదలుపెట్టాను.

ఈ మే నెలలో హైదరాబాద్‌కి ఒక పెట్టె వెళ్లింది. అరకిలో సీసాలు 12, అన్నీ కొత్తావకాయే. నాలుగు పగిలాయి. ఆవిడ వీడియో తీసి పంపారు. అట్టపెట్టె అడుగంతా ఎర్రటి నూనె, ఆవపిండిలో కలిసిపోయి మెరుస్తున్న గాజు పెంకులు. పగలని ఎనిమిదింటి మూతల చుట్టూ కూడా నలుసులు అంటుకున్నాయి. చిన్నపిల్లలున్న ఇల్లు, భయపడి మొత్తం పారేశారు. నేనైనా అదే పని చేసేదాన్ని.

ఆ కాయలు కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి. తెల్లారుజామునే మార్కెట్‌కి వెళ్లి పులుపు చూసి ఏరి తెచ్చినవి. టెంకతో సహా ముక్కలు కొట్టించి, ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి, లోపలి జీడి, పొర తీసి కలిపాం. పప్పునూనె గానుగ దగ్గర నిలబడి ఆడించుకొచ్చింది. ఆరు కిలోల పచ్చడి, చెత్త బండి పాలైంది. డబ్బు తిరిగిచ్చాను, దాని గురించి కాదు నా బాధ.

ఆ రాత్రి నిద్ర పట్టక త్రాసు తీసి తూచాను. మూతతో కలిపి ఖాళీ సీసా 280 గ్రాములు. అరకిలో పౌచ్ 9 గ్రాములు. అంటే ఆరు కిలోల పచ్చడి కోసం 3 కిలోల 360 గ్రాముల గాజుని లారీ ఎక్కించాను. దాని చుట్టూ బుడగల కవరు, మీద టేపు. ఆ బుడగల కవరు ముక్క తూస్తే 14 గ్రాములు వచ్చింది. ప్లాస్టిక్ మానేద్దామని మొదలుపెట్టి, పౌచ్‌కి పట్టేదానికంటే ఎక్కువ ప్లాస్టిక్ సీసాకి చుడుతున్నానన్నమాట.

ఇప్పుడు ఏం చేయాలో తోచడం లేదు. వెండి రంగు లోపొర ఉన్న పౌచ్‌లైతే ఏడాది నిల్వ ఉంటుందని ఒకరు, మట్టిలో కలిసిపోయే "బయో" కవర్లు తీసుకోమని ఇంకొకరు శాంపిళ్లు ఇచ్చి వెళ్లారు. తయారీ నుంచి చివరికి చెత్తలో పడేదాకా మొత్తం లెక్క వేస్తే ఏది మంచిదో తెలిసినవాళ్లు చెప్పండి. ఖర్చు కొంచెం ఎక్కువైనా పర్వాలేదు.

జీడిమెట్ల_పౌచ్:

నమస్తే అక్కా. జీడిమెట్లలో పౌచ్‌లు తయారుచేసే యూనిట్‌లో 11 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆ లైన్‌లో లేను. మీరు త్రాసు తీయడం సరైన పని. సగం జవాబు అందులోనే ఉంది.

గాజుకి ముడిసరుకు ఇసుక, సోడా యాష్, సున్నపురాయి. మన దగ్గర గూడూరు, చిల్లకూరు వైపు సిలికా ఇసుక తవ్వేది ఇందుకే. వీటిని 1,500 డిగ్రీల దాకా వేడిచేసి కరిగిస్తారు. కొలిమి ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి రాత్రీపగలూ మండాల్సిందే, మధ్యలో ఆపడానికి ఉండదు. గాజుని ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ చేయొచ్చు, నాణ్యత తగ్గదు, ఆ మాట నిజం. కానీ కరిగించిన ప్రతిసారీ ఆ కొలిమి మంట కావాలి. అందుకే ఒక్కసారి వాడి పారేసే గాజు సీసా, వాతావరణం లెక్కలో పౌచ్ కంటే ఎక్కువ నష్టమే చేస్తుంది. అదే సీసా కడిగి పది, పదిహేను సార్లు వాడితే, అదీ దగ్గర దూరాల్లో తిరిగితే, లెక్క తిరగబడుతుంది.

పౌచ్‌కి ఉన్న రోగం వేరు. బయటి పొర పెట్ (పాలిస్టర్), లోపలి పొర పాలిథిన్, ఊరగాయకైతే మధ్యలో తరచూ నైలాన్ కూడా వేస్తాం, నూనె, వాసన బయటికి రాకుండా. అన్నీ గమ్‌తో అతికి ఒకే షీట్ అవుతాయి. పాలిథిన్ 110, 130 డిగ్రీల మధ్య కరుగుతుంది, పెట్‌కి దాదాపు 250 కావాలి. ఒకటి కరిగే వేడికి రెండోది గట్టిగానే ఉంటుంది, రెండోది కరిగే వేడికి మొదటిది మాడిపోతుంది. కలిపి కరిగించలేరు, విడదీయలేరు. చేసేటప్పుడు తేలిక, పారేసేటప్పుడు దిక్కు లేదు.

వెండి రంగు పౌచ్ మీకు అక్కర్లేదు. అందులో ఉండేది అల్యూమినియం. కిలో కొత్త అల్యూమినియం తీయడానికి 14, 15 యూనిట్ల కరెంటు పడుతుంది. పాత అల్యూమినియం కరిగిస్తే దాంట్లో 5 శాతం చాలు, కానీ పౌచ్ మధ్యలో ఇరుక్కున్న ఆ పలచటి రేకుని ఎవరూ వెనక్కి తీయరు, పోయినట్టే. మీ పచ్చడి మూడు నెలల్లో అమ్ముడైపోతుంటే ఏడాది నిల్వతో పనేముంది?

"బయో" కవరు కంపోస్ట్ అవ్వాలంటే 58 డిగ్రీల చుట్టుపక్కల వేడి నిలకడగా ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంట్ కావాలి. పెరట్లో పాతిపెడితే కరగదు. మురుక్కాలవలో పడితే మామూలు కవరు లాగే అడ్డుపడుతుంది. పాలకవర్ల స్క్రాప్‌లో కలిస్తే ఆ లాట్ అంతా చెడిపోతుంది. అమ్మేవాళ్లని ముందు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ చూపించమనండి.

నా సలహా ఒక్కటే: మొత్తం పాలిథిన్‌తోనే చేసిన పౌచ్ అడగండి. రెండు పొరలూ ఒకే జాతివి. గాలిని ఆపడంలో నైలాన్ పౌచ్ అంత గట్టిది కాదు, అందుకని ముందు పది పౌచ్‌లు నింపి మూడు నెలలు అలమర్లో పెట్టి, నెలకొకటి తెరిచి రుచి చూడండి. ప్రింట్ వేయించొద్దు, అచ్చు వేసే సిలిండర్ చేయించే ఖర్చు మీరు మోయలేరు. ప్లెయిన్ పౌచ్ మీద స్టిక్కర్ చాలు. ఇంకోటి, అరకిలోలు రెండు కొనేవాళ్లకి కిలో ఇవ్వండి. అదే పచ్చడికి కవరు తక్కువ పడుతుంది.

చివరగా ఒక మాట. మీరు ఆరు కిలోల పచ్చడి గురించి బాధపడ్డారే, అది సరైన బాధ. ఆహారం వల్ల వెలువడే మొత్తం కర్బన ఉద్గారాల్లో ప్యాకింగ్ వాటా దాదాపు 5 శాతమని 2018లో 'సైన్స్' అనే పత్రికలో పోర్, నెమెచెక్ అనే పరిశోధకులు వేసిన లెక్క. పెద్ద వాటా పొలం దగ్గరిదే. ప్యాకింగ్ మొదటి పని లోపలున్నదాన్ని కాపాడటం. అది చేయలేని ప్యాకింగ్ ఏ సరుకుతో చేసినా నష్టమే.

పొడిచెత్త_షెడ్డు:

అక్కా, నేను హైదరాబాద్‌లో పొడి చెత్త వేరుచేసే షెడ్డులో సూపర్‌వైజర్‌ని. మా ఆడవాళ్లు బల్ల దగ్గర నిలబడి ఏరే చోటు నుంచి చూసి చెబుతున్నాను.

మా దగ్గర పాలకవర్లకి కొనేవాళ్లుంటారు, ఒకే రకం ప్లాస్టిక్ కాబట్టి. నీళ్ల బాటిళ్లు, అట్టపెట్టెలు, కూల్‌డ్రింక్ డబ్బాలు ఏ రోజుకారోజు పోతాయి. మీ పౌచ్ లాంటివి, చిప్స్ కవర్లు ఎవరూ కొనరు. బేళ్లు కట్టి సిమెంట్ ఫ్యాక్టరీకి పంపిస్తాం, అక్కడ బొగ్గుతో పాటు కొలిమిలో కాలుస్తారు. డంప్‌యార్డుకి పోవడం కంటే నయం, అంతకుమించి ఏమీ లేదు.

ఊరగాయ పౌచ్‌తో ఇంకో బాధ ఉంది. అడుగున రెండు చెంచాల నూనె మిగిల్చి పడేస్తారు. ఆ నూనె పక్కనున్న అట్టముక్కలకి, పేపర్లకి పట్టేస్తుంది. నూనె పట్టిన కాగితాన్ని కొనేవాడు తూకంలోంచి తీసి పక్కన పడేస్తాడు. కారం గ్లవ్స్ కుట్టులోంచి దిగి వేళ్ల సందుల్లో మండుతుంది. మా దగ్గర పనిచేసే పెద్దావిడ ఒకామె ఆ చేత్తో కన్ను తుడుచుకుని రెండు రోజులు పనికి రాలేదు. మీ స్టిక్కర్ మీద ఒక్క లైను వేయండి అక్కా, "కవరు కత్తిరించి, నీళ్లతో తొలిచి, పొడి చెత్తలో వేయండి" అని. మీరు పాలిథిన్ పౌచ్‌కి మారినా, నూనెతో వస్తే మేము అమ్మలేం.

గాజు గురించి కూడా చెప్తాను. బీరు సీసా పగలకుండా ఉంటే దానికి రేటుంది, తిరిగి కంపెనీకి పోతుంది కాబట్టి. మీలాంటి వెడల్పు మూతి సీసాని ఆ లెక్కన ఎవరూ తీసుకోరు. పగిలిన గాజుకి వచ్చే డబ్బు ఆటో కిరాయికి చాలదు, చేతులు కోసుకోవడం మాత్రం మిగులుతుంది. ఆ సీసా మీకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు. వెనక్కి తెప్పించుకునే దారి మీరే చూసుకోవాలి.

స్టుట్‌గార్ట్_తెలుగు:

నేను చదువు కోసం వచ్చి జర్మనీలో ఉంటున్నాను. పై ఆవిడ చివర అన్న మాట చదివి రాస్తున్నాను. ఇక్కడ అరకిలో పెరుగు వెడల్పు మూతి గాజు సీసాల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు సీసాకి 15 సెంట్లు డిపాజిట్ కడతాం, ఖాళీది షాపులో మెషీన్‌లో పెడితే ఆ డబ్బు తిరిగొస్తుంది. అసలు కిటుకు డిపాజిట్‌లో లేదు. వేర్వేరు డెయిరీలు ఒకే ఆకారం సీసా వాడతాయి. అందుకని ఎవరి ఖాళీ సీసా అయినా దగ్గర్లో ఉన్న డెయిరీకి వెళ్లిపోతుంది, పుట్టింటికే వెతుక్కుంటూ పోనక్కర్లేదు. తణుకు చుట్టుపక్కల మీలాంటి వాళ్లు ఇంకో నలుగురైదుగురు ఉంటే ఒకే సైజు సీసా పెట్టుకోండి.

గుడ్డ సంచి విషయం కూడా. ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, పలచటి ప్లాస్టిక్ క్యారీబ్యాగ్‌ని ఒక్కసారే వాడినా సరే, దానికంటే కొత్త కాటన్ సంచి వాతావరణానికి మేలు చేయాలంటే 131 సార్లు వాడాలి. పత్తికి పట్టే ఎరువు, కరెంటు అన్నీ కలిపితే అంత. సంచి ఉన్న ఇంటికి ఇంకో సంచి పంపకండి ఆంటీ. అడిగినవాళ్లకే ఇవ్వండి.

గోదారి_పచ్చళ్లు (తణుకు):

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ముగ్గురి మాటలూ కాగితం మీద రాసుకుని మా ఆడపడుచుతో కూర్చుని మాట్లాడాను.

మిగిలిన 1,300 సీసాలూ ఇక ఊరు దాటవు. తణుకు, ఉండ్రాజవరం, అత్తిలి, అంతే. సీసాకి 30 రూపాయలు డిపాజిట్ అన్నాం. మొదట ఒకరిద్దరు ముఖం చిట్లించారు, వెనక్కిస్తే డబ్బిస్తామంటే ఒప్పుకున్నారు. నిన్నటికి 41 సీసాలు తిరిగొచ్చాయి. సొంత జాడీ తెచ్చుకునేవాళ్లకి కిలోకి 20 రూపాయలు తగ్గిస్తున్నాను. ఒక మామ్మగారు తన పెళ్లినాటి జాడీ మనవడి చేత పంపించారు. గోధుమరంగు మూత, అంచు కొంచెం పెచ్చు లేచింది. దాన్ని నింపుతుంటే చేతులు వాటంతట అవే జాగ్రత్తపడ్డాయి.

కడగడం తేలిక కాదండీ. వేడినీళ్లలో నానబెట్టి, తోమి, మరిగే నీళ్లు పోసి, ఎండలో గుడ్డ మీద బోర్లించి రెండు పూటలు ఉంచుతున్నాం. చుక్క తేమ ఉన్నా బూజు పట్టేస్తుంది. సీసా శుభ్రంగానే వస్తోంది, మూతతోనే చిక్కు. లోపలి తెల్లటి లైనింగ్‌కి పట్టిన వెల్లుల్లి వాసన ఎన్నిసార్లు కడిగినా పోవడం లేదు. దాంట్లో ఉసిరికాయ పెడితే ఉసిరికాయకి అదే వాసన. అందుకని మూత మాత్రం ప్రతిసారీ కొత్తది వేస్తున్నాను. పాత మూతలు ఇనుప సామాన్ల కొట్టువాళ్లు తీసుకుంటున్నారు.

హైదరాబాద్‌కి కిలో పౌచ్ ఒక్కటే. పాలిథిన్‌వి 50 శాంపిల్ తెప్పించి, పది నింపి అలమర్లో తేదీ వేసి పెట్టాను తమ్ముడూ. మొదటిది వచ్చే పదో తారీకున తెరుస్తాను. బాగుందో లేదో ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా పాత పౌచ్‌లే, స్టిక్కర్ మీద తొలిచి ఇవ్వమన్న మాట వేయించాను. మీ షెడ్డులో ఆ పెద్దావిడ కన్ను ఎలా ఉందమ్మా? ఆ మాట చదివి మా ఇంట్లో అందరం బాధపడ్డాం.

సంచులు ఆపేశాను. ఒకే సైజు సీసా సంగతి మా వీధిలోనే పచ్చళ్లు పెట్టే ఇంకో ఇద్దరితో మాట్లాడాను, ఒకరు సరేనన్నారు.

ఇప్పుడు కావాల్సింది మూతలు. 63 మిల్లీమీటర్ల మూతికి సరిపోయేవి, సీసా లేకుండా విడిగా వంద, రెండొందలు లెక్కన ఇచ్చేవాళ్లు విజయవాడలో గానీ రాజమండ్రిలో గానీ ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండి. అడిగిన చోటల్లా పదివేలు తీసుకోమంటున్నారు.