ఆక్టావియా వీఆర్ఎస్ 230: కొత్త ప్రోగ్రామ్ రాయించిన రెండో ఈసీయూ బిగించడంపై మీ అనుభవాలు చెప్పగలరు

నార్సింగి_230:
అందరికీ నమస్కారం. నా బండి 2017 నాటి స్కోడా ఆక్టావియా వీఆర్ఎస్ 230. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు తప్ప కంపెనీ బిగించినదేదీ ఇంతవరకు మార్చలేదు. కంపెనీ ఈసీయూను (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరును) అలాగే భద్రంగా దాచిపెట్టి, అదే పార్ట్ నంబరుతో వాడిన ఈసీయూ ఒకటి కొని, దానిలో కొత్త ప్రోగ్రామ్ రాయించి బిగించాలని నిర్ణయించుకున్నాను. మూడు విషయాలు తెలియాలి. ఇమ్మొబిలైజర్‌ను (బండి తన తాళాన్ని గుర్తించకపోతే ఇంజన్‌ను ఆపేసే రక్షణను) ఎలా కలపాలి? ఏ పెట్రోలుకు తగిన మ్యాప్ (ఇంధనం, స్పార్క్ లెక్కల పట్టిక) రాయించుకోవాలి? డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్‌ను కూడా మార్చాలా?

బెజవాడ_టర్బో:
చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి కాబట్టి మొదటి ప్రశ్నకు నేనే చెబుతాను. నేను కూడా మీలాగే వాడిన ఈసీయూ కొని, మ్యాప్ రాయించి, బిగించి తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది, ఒక్క సెకను తిరిగింది, ఆగిపోయింది. మీటరు మీద ఇమ్మొబిలైజర్ హెచ్చరిక వచ్చింది. మూడు రోజులు అదే వరస. ఆ ఈసీయూ మరో బండి మీటరుతో, తాళంతో ముడిపడి ఉందన్న సంగతి ఆ గ్యారేజీవారు నాకు ముందుగా చెప్పలేదు. చివరికి మరొకరు నా పాత ఈసీయూలోని డేటా మొత్తాన్ని బెంచ్ మీద (ఈసీయూను బండి నుంచి విప్పి బల్ల మీద పెట్టి) చదివి, దాన్ని కొత్తదానిలోకి యథాతథంగా దింపి, ఆ తరువాతే మ్యాప్ మార్చారు. ఈ వరుసను తలకిందులు చేయనివ్వకండి.

మరొక మాట. బండిలో ఉండగానే ఓబీడీ (లోపాలు పరీక్షించే సాకెట్) ద్వారా రాసేటప్పుడు బ్యాటరీకి చార్జర్ సపోర్టు తప్పనిసరిగా ఉండాలి. నా మిత్రుడి బండిలో ఇగ్నిషన్ వేసి ఉంచగా రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరిగింది, వోల్టేజి పడిపోయింది, రాత సగంలో ఆగిపోయింది. ఆ తరువాత ఆ ఈసీయూ దేనికీ స్పందించలేదు. విప్పి బెంచ్ మీద పెట్టి బతికించుకోవలసి వచ్చింది.

గాజువాక_జీటీ:
దయచేసి ఈ పని చేయకండి. నాది 2014 పోలో జీటీ టీఎస్ఐ. కంపెనీ ఇచ్చింది 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). మ్యాప్ మార్పించిన ఎనిమిది నెలలకు గాజువాక ట్రాఫిక్‌లో మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారినప్పుడల్లా బండి వణకడం మొదలైంది. క్లచ్ ప్యాక్ మొత్తం మార్చవలసి వచ్చింది. ఆ ఖర్చుతో మా ఇంట్లో ఒక శుభకార్యం జరిగిపోయేది. డీఎస్‌జీ ఉన్న బండికి ట్యూనింగ్ అంటే కొరివితో తల గోక్కోవడమే.

క్యాలిబ్రేషన్_మాస్టర్:
నేను పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఈ బండిలో ఉండే సైమోస్ 18 ఈసీయూలను వందకు పైగా స్వయంగా రాశాను. గాజువాక గారు వేర్వేరు గేర్‌బాక్సులను ఒకే గాటన కడుతున్నారు. మీ పోలోలో ఉన్నది 7 గేర్ల డీక్యూ200. అది పొడి క్లచ్, దాని పరిమితి 250 న్యూటన్ మీటర్లు. వీఆర్ఎస్ 230లో ఉన్నది 6 గేర్ల డీక్యూ250. అందులో క్లచ్ పలకలు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి వేడిని తట్టుకునే తీరే వేరు. ఇక పెట్రోలు గురించి మల్లగుల్లాలు పడనవసరం లేదు. 91 ఫైలు, అంటే 91 ఆక్టేన్ (నాక్ కాకుండా తట్టుకునే శక్తిని చెప్పే అంకె) పెట్రోలుకు తగిన మ్యాప్, రాయించుకోండి. అది ఏ ఊళ్లో ఏ బంకులో పోయించుకున్నా నడుస్తుంది.

కరీంనగర్_ఎండ:
మాస్టర్ గారూ, సరిగ్గా ఈ మాట విన్నందుకే నేను ఒక ఇంజన్‌ను ప్రమాదం అంచుదాకా తీసుకువెళ్లాను. 2021లో నాకు అమెరికా నుంచి తెప్పించిన 91 ఫైలు రాశారు. మా బంకులోనూ 91 పెట్రోలే కదా, సరిపోతుందన్నారు. మే నెలలో, మధ్యాహ్నం, రామగుండం దారిలో మూడో గేరులో పూర్తిగా తొక్కగానే ఇంజన్‌లో గులకరాళ్లు పోసినట్టు చప్పుడు వచ్చింది. లాగ్ (ఈసీయూ రీడింగుల రికార్డు) తీసి చూస్తే ఈసీయూ నాలుగు సిలిండర్లలోనూ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతూనే ఉంది. ఆ చప్పుడును (నాక్‌ను) పసిగట్టే నాక్ సెన్సర్ ఉంది కాబట్టి పిస్టన్లు మిగిలాయి.

డల్లాస్_తెలుగు:
కరీంనగర్ గారి అనుభవానికి కారణం చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇక్కడ అమెరికా బంకుల్లో రాసే అంకె, ఇండియాలో రాసే అంకె ఒకే కొలమానం కావు. ఇండియాలో రాసేది రాన్, అంటే రీసెర్చ్ ఆక్టేన్ నంబరు. ఇక్కడ రాన్‌ను, మోటార్ ఆక్టేన్ నంబరును కలిపి రెండుతో భాగించి ఆ సగటును రాస్తారు. అందువల్ల ఇక్కడి 91 అక్కడి లెక్కలో దాదాపు 95 లేదా 96 అవుతుంది, ఇక్కడి 93 దాదాపు 98 అవుతుంది. అమెరికా 91 ఫైలును 91 రాన్ పెట్రోలు మీద నడపడం అంటే నాలుగైదు అంకెలు తక్కువ పెట్రోలు పోయడమే.

క్యాలిబ్రేషన్_మాస్టర్:
ఈ తేడా తెలియకుండానే పంతొమ్మిదేళ్లు పనిచేశానని మీరు అనుకుంటున్నారా? నేను చెప్పింది ఇక్కడి పెట్రోలు మీద, ఇక్కడి ఎండలో లాగ్ తీసి రాసిన 91 ఫైలు గురించి. ఎవరో ఎక్కడినుంచో తెప్పించి రాసినదానికి నన్ను బాధ్యుణ్ణి చేయకండి.

కరీంనగర్_ఎండ:
అయితే ఆ మాట మొదటే రాయాలి. కొత్తగా వచ్చినవారు మీ అనుభవాన్ని చూసి నమ్ముతారు. వారు ఫైలు అమ్మేవాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న ఈ అంకె రానా, సగటా అన్నది. దాన్ని వదిలేసి ఎక్కడైనా నడుస్తుందని రాయడం పెద్దరికం అనిపించుకోదు.

ఓఆర్ఆర్_రాత్రి:
ఇద్దరూ ఇథనాల్ సంగతి మరిచారు. ఇప్పుడు మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. దానివల్ల ఆక్టేన్ పెరుగుతుంది, నిజమే. కానీ పూర్తిగా మండడానికి కావలసిన గాలి, ఇంధనాల నిష్పత్తి మారిపోతుంది. శుద్ధ పెట్రోలుకు అది 14.7 అయితే ఈ మిశ్రమానికి దాదాపు 13.5కు దిగుతుంది, అంటే అంతే గాలికి ఎక్కువ ఇంధనం చిమ్మాలి. పాత పెట్రోలు మీద రాసిన మ్యాప్ అయితే ఈసీయూ ఫ్యూయల్ ట్రిమ్‌తో (తనంతట తానే చేసే ఇంధన సర్దుబాటుతో) ఆ లోటు పూడ్చుకుంటూ ఉంటుంది. నా బండిలో ఆ అంకెలు కళ్లారా చూశాక మ్యాప్ మళ్లీ రాయించుకున్నాను. నేను హైదరాబాదులో ఉన్నంతవరకు 100 ఆక్టేన్ పోయిస్తాను. అయితే శ్రీశైలం దారిలో అది దొరకదు కాబట్టి మ్యాప్‌ను మాత్రం 95కే రాయించాను.

వకీలు_వరంగల్:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిముకు అడ్డుపడుతుంది. పాత ఈసీయూ అల్మరాలో ఉన్నంత మాత్రాన ఈ రెండు చిక్కులూ తొలగవు.

నార్సింగి_230:
అందరికీ కృతజ్ఞతలు. బెజవాడ గారు చెప్పిన వరుసలోనే నిన్న డేటా దింపించాను. మ్యాప్ ఇంకా మార్చలేదు. కంపెనీ ప్రోగ్రామ్‌తోనే రెండో ఈసీయూ బిగించి చూడగా బండి మొదటిసారికే అందుకుంది. ఫైలు అమ్మేవారిని అంకె గురించి అడిగితే రాన్ 95 అని రాతపూర్వకంగా ఇచ్చారు. బీమావారికి ఉత్తరం రాస్తున్నాను, వారి జవాబు వచ్చేదాకా మ్యాప్ జోలికి వెళ్లను. అయితే గేర్‌బాక్సు గురించిన నా మూడో ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

క్యాలిబ్రేషన్_మాస్టర్:
మీ బండి కంపెనీ లెక్కలోనే 350 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, డీక్యూ250 పరిమితి కూడా 350గానే చెబుతారు. అంతకు మించి ఇంజన్ ఇవ్వబోతే గేర్‌బాక్సు కంప్యూటరు టార్క్ తగ్గించమని అడుగుతుంది, మీరు డబ్బు పెట్టిన బలం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి దాని సాఫ్ట్‌వేర్‌లో పరిమితిని, క్లచ్ ఒత్తిడిని పెంచాలి. అంతకన్నా ముందు గేర్ ఆయిల్, ఫిల్టరు మార్పించండి. 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చవలసినది అది. మీ మీటరు ఎంత చూపిస్తోందో, చివరిసారి ఎప్పుడు మార్పించారో రాయండి. కరీంనగర్ గారూ, ఇక్కడి పెట్రోలు మీద రాసిన 91 ఫైలు అని నేను మొదటే రాయవలసింది.