అటక మీది హెచ్‌ఓ ఇంజన్లు: డీసీసీ పెట్టే ముందు ఏమేమి సరిచేయాలి?

పట్టాలప్రియుడు, తిరుపతి:

పెద్దలకు నమస్కారం. మా మేనమామ గారు అమెరికాలో ఉద్యోగం చేసిన కాలంలో కొన్న రెండు హెచ్‌ఓ (అసలు రైలుకు 87వ వంతు కొలతతో చేసే) డీజిల్ మోడల్ ఇంజన్లు, కొన్ని పెట్టెలు, ఒక చుట్టుకు సరిపడే పట్టాలు, రెండు పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకొక దారికి మళ్లించే పట్టాలు) ఈ మధ్య మా ఇంటికి చేరాయి. చాలా ఏళ్లు అటక మీద అట్టపెట్టెలోనే ఉండిపోయినందువల్ల ఇంజన్లు రెండూ ఇప్పుడు సరిగా నడవడం లేదు. మొదటిది వేలితో కాస్త తోస్తేగాని కదలదు. కదిలినా జానెడు దూరం పోయి ఆగిపోతుంది, ముందు దీపం మినుకుమినుకుమంటుంది. రెండవది నడుస్తుంది గాని, చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుమని శబ్దం వచ్చి ఇంజన్ చిన్నగా ఎగిరిపడుతుంది. మా ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు పక్కనే ఉన్నందువల్ల కిటికీలు మూసినా దుమ్ము తప్పదు.

ఒకే చుట్టు మీద రెండు ఇంజన్లనూ వేర్వేరు వేగాలతో నడపాలన్నది నా కోరిక కనుక డీసీసీకి, అంటే ఒక్కొక్క ఇంజన్‌కు పట్టాల ద్వారానే విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతికి, మారాలని అనుకుంటున్నాను. మొదటి ఇంజన్‌లో 8 పిన్నుల సాకెట్ ఉంది, రెండవదానిలో ఏ సాకెట్టూ లేదు. ఆ ఆదేశాలను అందుకునే డీకోడర్‌ను ఇంజన్‌లో పెడితే ఆగి ఆగి నడవడం కూడా పోతుందని ఒక వీడియోలో చెప్పారు, అది నిజమేనా? శుభ్రం చేయడానికి, నూనె పెట్టడానికి ఏవి వాడాలి? సోల్డరింగ్ పని నాకు కొంత వచ్చు. ఇంజన్లతో వచ్చిన కంట్రోల్ పెట్టె మీద 120 వోల్టులు అని రాసి ఉన్నందువల్ల దానిని ప్లగ్గులో పెట్టలేదు. మిత్రుడి దగ్గర తెచ్చిన, వోల్టేజి మార్చుకోగల డీసీ సప్లైతోనే పరీక్షించాను.

విశ్రాంత ఫిట్టర్, చిత్తూరు:

ఆ పెట్టెను ప్లగ్గులో పెట్టకపోవడం మంచి పని. 120 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మన 230 వోల్టులు ఇస్తే నిమిషాలలో కాలిపోతుంది. డీసీ సప్లై ఉన్నది కనుక దానితో మీకు అవసరం లేదు.

మీ ముఖ్యమైన ప్రశ్నకు నా సమాధానం, డీకోడర్ ఆ జబ్బును పోగొట్టదు. డీకోడర్‌కు కూడా కరెంటు అదే పట్టా నుంచి, అదే చక్రం మీదుగా, అదే రాగి పట్టీ ద్వారా రావాలి. దారిలో మురికి ఉంటే మోటారుకు అందని కరెంటు డీకోడర్‌కు మాత్రం ఎలా అందుతుంది? పైగా మామూలు డీసీ మోటారు క్షణం పాటు కరెంటు పోయినా తన ఇరుసు మీది బరువైన చక్రం (ఫ్లైవీలు) ఊపుతో దాటిపోతుంది గాని, డీకోడర్ అయితే కరెంటు పోయిన క్షణమే ఆగి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. డీసీ మీద అతి తక్కువ వేగంతో నిలకడగా పాకే ఇంజన్‌కే డీకోడర్ పెట్టాలన్నది నేను గట్టిగా నమ్మే మాట.

మొదటి ఇంజన్ సంగతి చూద్దాం. ముందువైపు ట్రక్కును (చక్రాలు అమర్చిన చిన్న చట్రాన్ని) పట్టాల మీద, వెనుక ట్రక్కును పట్టాల మీద పరచిన కాగితం మీద ఉంచి కరెంటు ఇవ్వండి. తరువాత మార్చి చూడండి. ఏ ట్రక్కు కరెంటు తీసుకోవడం లేదో అక్కడే తెలిసిపోతుంది, మొత్తం ఇంజన్‌ను విప్పి వెతకవలసిన పని ఉండదు. సాధారణంగా చక్రం అంచున నల్లగా పేరుకున్న పొర, పట్టీ చక్రాన్ని తాకే చోట చిలుము, ట్రక్కు నుంచి పైకి వచ్చే తీగ దగ్గర వదులైన టంకం, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. చక్రాల కోసం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన కాగితపు తువ్వాలును పట్టాల మీద అడ్డంగా పరచి, ఒక ట్రక్కును దాని మీద ఉంచి, రెండవ ట్రక్కు నుంచి కరెంటు అందేలా ఇంజన్‌ను చేత్తో పట్టుకుని చక్రాలను తిరగనివ్వండి. కాగితం మీద నల్లని చారలు పడడం మానేవరకు చోటు మారుస్తూ ఉండండి. ఈ ఆల్కహాల్ మొబైల్ రిపేరు చేసేవారి దగ్గర దొరుకుతుంది. చక్రాలను గరుకు కాగితంతో మాత్రం రుద్దవద్దు. ఆ గీతల్లోనే తరువాత మురికి మరింత త్వరగా పట్టుకుంటుంది. చక్రాలకు రబ్బరు పట్టీలు ఉంటే వాటిని ఆల్కహాల్‌లో నాననివ్వకండి.

తరువాత పైకప్పు తీసి గేర్ల పెట్టెను చూడండి. ఏళ్ల తరబడి వాడని ఇంజన్‌లో ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది, తోస్తేగాని కదలకపోవడానికి అదే కారణం కావచ్చు. దానిని పుల్లతో, మెత్తని బ్రష్షుతో పూర్తిగా తీసి, గేర్లను కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి, బాగా ఆరిన తరువాతే కొత్తది పెట్టాలి. పాత గ్రీజు మీదే నూనె వేస్తే అది కరిగి చక్రాల మీదికి, అక్కడి నుంచి పట్టాల మీదికి పాకుతుంది. మర ఆకారంలో ఉండే వర్మ్ గేర్ మీద ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు పలుచగా పూయండి; మోటారు ఇరుసు రెండు చివర్ల, చక్రాల ఇరుసులు కూర్చునే చోట సూది మొనతో తీసుకున్నంత నూనె చాలు. మోటారు బ్రష్షులు తాకే రాగి పలకల కామ్యుటేటర్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు, ఎందుకంటే నూనె కార్బన్ పొడితో కలిసి ముద్దగా మారి దాని పలకల మధ్య సందులను పూడుస్తుంది. మన ఇళ్లలో కుట్టుమిషనుకు, తలుపు బందులకు కొబ్బరి నూనె వేసే అలవాటు ఉంది గనుక ఇది కూడా చెబుతున్నాను: అది సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. ఇంజన్ దరిదాపులకు దానిని రానివ్వవద్దు.

రెండవ ఇంజన్‌లోని టక్కుమనే శబ్దం చూడకుండానే చాలావరకు గుర్తుపట్టదగినది. ఇనుప ఇరుసు మీద బిగువుగా ఎక్కించిన ప్లాస్టిక్ గేర్ ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒత్తిడికి పగులుతుంది. పగిలిన చోట రెండు పళ్ల మధ్య దూరం పెరుగుతుంది. ఆ చోటు వచ్చిన ప్రతిసారీ ఎదుటి గేరు పన్ను సందులో సరిగా కూర్చోలేక ఇంజన్ ఎగురుతుంది. భూతద్దంతో చూస్తే సన్నని చీలిక కనబడుతుంది. జిగురుతో అతికిస్తే నిలవదు, గేరే మార్చాలి. తెప్పించే ముందు పళ్ల సంఖ్య, ఇరుసు వ్యాసం, గేరు వెడల్పు కొలిచి రాసుకోండి. కొత్త గేరు ఎక్కించాక రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. అది తగ్గినా పెరిగినా పాయింట్ల దగ్గర చక్రాలు పట్టా దిగిపోతాయి.

సర్క్యూట్ మాస్టారు, తిరుపతి:

ఫిట్టర్ గారు చెప్పిన క్రమాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. పాత ఇంజన్లను డీసీలోనే వదిలేయాలని కొందరు అంటారు గాని, ఆ మాటతో మాత్రం ఏకీభవించను. ఒకే చుట్టు మీద రెండు బండ్లు కావాలంటే డీసీలో పట్టాలను ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కకు స్విచ్చు పెట్టాలి, అప్పుడు మన దృష్టంతా బండి మీద కాక స్విచ్చుల మీదే ఉంటుంది. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, హెచ్‌ఓలో అది సాధారణంగా 14 నుంచి 16 వోల్టుల వరకు. వేగం ఎంత, దీపం వెలగాలా వద్దా అన్న ఆదేశాలు ఆ కరెంటులోనే అంకెల రూపంలో వెళితే, తన చిరునామాకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే డీకోడర్ పాటిస్తుంది. దీపం స్థిరంగా వెలగడానికి కారణం కూడా ఇదే.

సాకెట్ ఉన్న మొదటి ఇంజన్‌లో పని సులువు. అందులోని డమ్మీ ప్లగ్గు తీసి, ఒకటవ పిన్ను గుర్తు చూసి, డీకోడర్ ప్లగ్గు పెట్టాలి. కొనేముందు మోటారు ఎంత కరెంటు తాగుతుందో కొలవండి: 12 వోల్టులు ఇచ్చి, ఆమ్మీటరును వరుసలో కలిపి, ఫ్లైవీలును ఒక్క క్షణం వేలితో ఆపితే కనిపించే అంకె డీకోడర్ సామర్థ్యం కంటే తక్కువగా ఉండాలి. హెచ్‌ఓ డీకోడర్లు ఎక్కువగా 1 ఆంపియరు వరకు భరిస్తాయి. మూత లేని పాత తరహా మోటార్లు కొన్ని అంతకు మించి తీసుకుంటాయి.

రెండవదానిలో అసలు శ్రమ మోటారును వేరుచేయడంలో ఉంది. చాలా పాత ఇంజన్లలో మోటారు కింది బ్రష్షు నేరుగా లోహపు చట్రాన్ని తాకుతుంది, చట్రమే ఒక పట్టాకు తీగలా పనిచేస్తుంది. ఆ సంబంధం తెంచకుండా డీకోడర్ కలిపితే కరెంటు ఇచ్చిన మరుక్షణమే అది పోతుంది. కాబట్టి మోటారు కింద ఇన్సులేషన్ టేపు వేసి, దానిని పట్టి ఉంచే మరలు లోహానివైతే వాటి బదులు నైలాన్ మరలు వాడి, మోటారు రెండు కొసలలో ఏ కొసకూ ఏ చక్రంతోనూ సంబంధం లేదని మల్టీమీటరుతో నిర్ధారించుకున్న తరువాతే సోల్డరింగ్‌కు కూర్చోండి. తీగల రంగులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే: ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగులు మోటారుకు, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి పాజిటివ్. పాత బల్బు తీసి ఎల్‌ఈడీ పెడితే దానికి వరుసలో 1 కిలోఓమ్ రెసిస్టరు తప్పనిసరి. సన్నని తీగ, ష్రింక్ ట్యూబు, రెసిస్టర్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. డీకోడర్‌ను మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మార్గం, కస్టమ్స్ సుంకాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

తీగలు కలిపిన ఇంజన్‌ను నేరుగా చుట్టు మీద పెట్టవద్దు. ముందు ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ అమరికలు చదివి, రాసే విడి పట్టా) మీద చదివించండి. అక్కడ కరెంటు పరిమితంగా వస్తుంది గనుక లోపం ఉన్నా డీకోడర్ కాలే ప్రమాదం తక్కువ. కొత్త డీకోడర్ చిరునామా 3గా ఉంటుంది. రెండు ఇంజన్లకూ అదే ఉంటే రెండూ కలిసి కదులుతాయి, కాబట్టి ఒకదాని చిరునామాను సీవీ 1లో మార్చండి (సీవీ అంటే డీకోడర్‌లో ఒక్కొక్క అమరికను దాచే అంకెల గడి). బయలుదేరే వోల్టేజి సీవీ 2లో, వేగం పుంజుకునే తీరు సీవీ 3లో, తగ్గే తీరు సీవీ 4లో ఉంటాయి. ఈ మూడింటినీ ఓపికగా సరిదిద్దుకుంటే బరువైన అసలు బండి కదిలినట్టే మీ ఇంజన్ కదులుతుంది, ఈ అభిరుచిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. రెండవ ఇంజన్ సిద్ధమయ్యేవరకు దానిని డీసీసీ పట్టా మీద నిలిపి ఉంచకండి. డీకోడర్ లేని మోటారు అక్కడ గుయ్యిమంటూ వేడెక్కి పాడవుతుంది.

పట్టాలప్రియుడు, తిరుపతి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితం పరీక్ష చేయగా మొదటి ఇంజన్ వెనుక ట్రక్కు కరెంటు తీసుకోవడం లేదని తేలింది. పట్టీల మీది చిలుము తీసి, గ్రీజు మార్చిన తరువాత అది 3 వోల్టులకే మెల్లగా కదులుతోంది. రెండవదానిలో ఫిట్టర్ గారు ఊహించినట్టే ఒక గేరు చీలి ఉంది, కొలతలు రాసుకున్నాను. అయితే మొదటి ఇంజన్ పాయింట్ల మీద మెల్లగా వెళ్లినప్పుడు ఇంకా ఆగుతోంది. ఇంకొక చిన్న కోరిక: దీనిని ఒకప్పుడు మన గుత్తి షెడ్డులో కనిపించిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ రూపానికి మార్చవచ్చా?

పాకాల లైను, పాకాల:

ముందుగా మీ పట్టాలకు అయస్కాంతం తాకించి చూడండి. అంటుకుంటే అవి ఉక్కు పట్టాలు. కార్తీకంలో మన వైపు పట్టే ముసురుకు తుప్పు పడతాయి, ఎంత తుడిచినా ఇబ్బంది తిరిగి వస్తుంది, నికెల్ సిల్వర్ పట్టాలకు మారడమే మేలు. పట్టా ముక్కలను కలిపే జాయినర్లను కరెంటు కోసం నమ్ముకోకుండా ప్రతి ముక్కకూ కింద నుంచి తీగ సోల్డరింగ్ చేయండి. పాయింటు మధ్యలో రెండు పట్టాలు దాటుకునే చోటు ప్లాస్టిక్‌ది అయితే అక్కడ కరెంటు ఉండదు. ఇంజన్ అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకుంటే ఆ కొద్ది దూరం దాటిపోతుంది.

డబ్ల్యూడీఎం-2 విషయంలో ఒక కొలత గుర్తుంచుకోండి. మొదటి ఇంజన్లు 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచే వచ్చాయి కనుక రూపానికి దగ్గరగా ఉండే ఆల్కో నమూనాలు దొరుకుతాయి. కానీ మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87వ వంతుకు తగ్గిస్తే అది 19 మిల్లీమీటర్లకు పైన వస్తుంది, మీ పట్టా 16.5 మాత్రమే. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు, ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి ఉన్నట్టు కనిపిస్తాయి. నేనైతే మేనమామ గారి ఇంజన్ రంగును అలాగే ఉంచి, మన బండి కోసం వేరే పైకప్పు వెతుకుతాను.

పాయింట్ల మీద ఆగడం ఇవన్నీ చేసినా మిగిలితే, దానికి అవకాశం ఉన్న డీకోడర్‌ను ఎంచుకుని స్టే-అలైవ్ కెపాసిటరు కలపండి. కరెంటు తెగిన ఆ కొద్ది క్షణాలూ అది మోటారును నడిపిస్తుంది. కొన్ని డీకోడర్లలో ఈ కెపాసిటరు ఉండగా ప్రోగ్రామింగ్ పట్టా మీద సీవీలు సరిగా చదవబడవు, కాబట్టి చిరునామా, వేగాల అమరిక అంతా పూర్తిచేసి, చివరగా కెపాసిటరును విప్పుకోగల చిన్న కనెక్టరుతో కలపండి.