ఎండాకాలంలో బ్లాక్ అండ్ వైట్ కెమెరా రీలు కడగాలంటే ఐసు పెట్టాల్సిందేనా?

భీమవరం35:
రీలు పెట్టె మీద చూసినా, డెవలపర్ (రీలు మీద బొమ్మ తేల్చే మందు) కాగితం మీద చూసినా 20 డిగ్రీలే రాసి ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో డెవలపర్ సీసా 31, 32 దగ్గర కూర్చుంటుంది. ఐసు పెట్టి 20కి దించకపోతే రీలు పోయినట్టేనని కొందరు గట్టిగా చెబుతున్నారు. వేడి ఎంతుంటే అంతకు తగ్గట్టు టైము తగ్గిస్తే చాలని నా వాదన. నేను వాడేవి ఫోమాపాన్ 100, కెంట్‌మియర్ 400 రీళ్ళు. చవక రీలు కొని, దాన్ని ల్యాబ్‌కు కొరియర్ చేస్తే ఆ మిగిలిందంతా అక్కడే పోతుంది. కాబట్టి దయచేసి ల్యాబ్ సలహా వద్దు.

పాలకొల్లు స్టూడియో:
ఐసు పెట్టాలండీ, అందులో మొహమాటం లేదు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ రీళ్ళు తీస్తున్న రోజుల నుంచి వేసవిలో ట్రే కింద ఐసు పెట్టే కడిగాం. 20 దగ్గర 10 నిమిషాలు పట్టే రీలుకు 30 దగ్గర నాలుగు నిమిషాలు, నాలుగున్నర చాలు. ట్యాంకులో (రీలు కడిగే డబ్బాలో) మందు పోయడానికి, వంపడానికే అర నిమిషం పోతుంది కదా. 5 నిమిషాల లోపు కడిగిన రీల్లో ఆకాశం చూడండి, మరకలు మరకలుగా ఉంటుంది. అంత తక్కువ టైములో కాస్త ఎక్కువైనా హైలైట్లు (బొమ్మలో బాగా వెలుగున్న చోట్లు) మూసుకుపోతాయి. అయినా భీమవరంలో ఉండి ఐసుకు వెనకాడటం ఏమిటి? రొయ్యల లారీలకు అంతంత ఐసు కొడుతున్నారు!

అమలాపురం నెగెటివ్:
గురువుగారూ, ట్రే కింద ఐసు పెట్టడం వేరు, ఇప్పటి కుర్రాళ్ళు చేస్తున్నది వేరు. వీళ్ళు డెవలపర్ ఒక్కదాన్నే 20కి దించుతున్నారు. ఫిక్సర్ (బొమ్మను నిలిపే మందు) గది వేడిలో 31. ఇక చివరికి కడిగే నీళ్ళు మేడ మీద ట్యాంకువి. మధ్యాహ్నం ఆ కుళాయి కింద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. చల్లటి మందులోంచి తీసిన జెలటిన్‌ను, అంటే రీలు మీది ఎమల్షన్ పూతను, ఒక్కసారిగా ఆ నీళ్ళలో ముంచితే చేపల చెరువు ఎండగట్టినప్పుడు అడుగున పడే నెర్రెల్లా ఎమల్షన్ అంతా గీతలు పడుతుంది. అందరూ వేడి మీద నేరం మోపుతారు గానీ రీలును చెడగొట్టేది తేడా. అన్నీ 28లో ఉంటే ఇప్పటి రీళ్ళు తట్టుకుంటాయి. డెవలపర్ 20లో, నీళ్ళు 36లో ఉంటే మాత్రం గ్యారంటీ లేదు.

నేను చేసేది ఇది. డెవలపర్, ఫిక్సర్ సీసాలు, కడగడానికి ఐదు లీటర్ల నీళ్ళు రాత్రే ఒకే పెద్ద బకెట్టులో దించి ఉంచుతాను. తెల్లారేసరికి అన్నీ ఒకే వేడికి వస్తాయి. మందును పలచన చేస్తే టైము సమస్య కూడా తీరుతుంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలుకు ఐడీ-11 డెవలపర్ 1:3 (ఒక వంతు మందు, మూడు వంతుల నీళ్ళు) కలిపితే 20 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. 28 దగ్గర అది దాదాపు పదికి దిగుతుంది. పది నిమిషాల్లో మరకలు పడవు. చివర్లో కుళాయి జోలికే పోను. ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయడం, మళ్ళీ నింపి 10 సార్లు, ఆఖరున 20 సార్లు. ఇది ఇల్ఫర్డ్ వాళ్ళు చెప్పిన పద్ధతే. ఒక రీలుకు రెండు లీటర్ల లోపు నీళ్ళు సరిపోతాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో ఇదే పెద్ద సుఖం.

కుండలో సీసా పెట్టమని కొందరంటారు. మన ఉక్కపోతలో గాలి నిండా తేమే. కుండ చెమ్మ ఆరితేగా నీళ్ళు చల్లబడేది!

పాలకొల్లు స్టూడియో:
బాగుంది. కానీ 300 మిల్లీలీటర్ల ట్యాంకులో 1:3 అంటే అసలు మందు 75 మిల్లీలీటర్లే. 36 బొమ్మల రీలుకు 100 అయినా ఉండాలి. మందు నీరసపడి నెగెటివ్ పలచగా వస్తే అది కూడా ఎండ తప్పే అంటారేమో.

అమలాపురం నెగెటివ్:
రెండు రీళ్ళ ట్యాంకులో ఒక్క రీలే వేసి 600 నింపుతానండీ. అప్పుడు మందు 150.

రాజమండ్రి కుర్రాడు:
అన్నా, అసలు ఐడీ-11, డీ-76 లాంటి కొన్న డెవలపర్లు ఎందుకు? కాఫీ పొడి, బట్టల సోడా, విటమిన్ సీ కలిపితే రీలు కడగొచ్చు. మూడూ కిరాణా కొట్టులోనో, మందుల షాపులోనో దొరుకుతాయి. ఫోమా 120 రీలుకు మొదట పోసిన నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా బయటికొస్తే రీలు పోయిందనుకుని టెన్షన్ పడకండి, అది వెనక రంగు అంతే.

భీమవరం35:
కాఫీతో వచ్చే పసుపు మసక నాకు నచ్చదు తమ్ముడూ. పైగా సోడా మందు తర్వాత వెనిగర్ స్టాప్ (డెవలపర్ పని ఆపే పులుపు నీళ్ళు) వేస్తే ఫోమా రీలు మీద సూది బెజ్జాలు పడుతున్నాయి, వేడికి ఇంకా ఎక్కువ. వేసవిలో కాఫీ వాడితే మధ్యలో ఉత్త నీళ్ళే పొయ్యి.

పాలకొల్లు స్టూడియో:
బాబూ, ఐసు అసలు వద్దనుకుంటే పాత దారి ఇంకోటి ఉంది. డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలపడం, 30 దాటితే లీటరుకు 100 గ్రాముల వరకు. అది ఉంటే జెలటిన్ ఎక్కువ ఉబ్బదు. డీ-76లో ముందే ఉండే సల్ఫైట్‌తో దీన్ని కలగాపులగం చేయకండి. ఫిక్సర్‌లో పటిక వేసి గట్టిపరిచేవాళ్ళం కూడా. కానీ ఉత్త హైపోలో (ఫిక్సర్ ఉప్పులో) పటిక పడేస్తే తెల్లటి మడ్డి దిగుతుంది, యాసిడ్, సల్ఫైట్ రెండూ ఉండాల్సిందే. పటిక వాడినప్పుడు అమలాపురం వారి మూడు సార్ల కడుగుడు చాలదు.

నర్సాపురం తీరం:
వాదన మధ్యలో ఒక మాట. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. దాన్ని కాలువలోకో, చెరువుకు పోయే బోదెలోకో వంపకండి. పాత డబ్బాలో పోసి ఇనప పీచు వేసి కొన్నాళ్ళు ఉంచితే చాలా వెండి దానికే పడుతుంది. స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు.

భీమవరం35:
సరే, తేల్చేద్దాం. ఒకే కెంట్‌మియర్ పెట్టెలోంచి రెండు రీళ్ళు, ఒకే కొబ్బరితోట, ఒకే ఎక్స్‌పోజర్. ఒకటి గురువుగారు ఐసుతో, ఒకటి అమలాపురం అన్న బకెట్టుతో కడగండి. నెగెటివ్‌లు స్కాన్ చేసి ఇక్కడే పెడతాను.

పాలకొల్లు స్టూడియో:
నేను రెడీ. కానీ ఏప్రిల్‌లో కాదు, రోహిణి కార్తెలో, మధ్యాహ్నం మూడింటికి.

అమలాపురం నెగెటివ్:
మధ్యాహ్నం మూడింటికి రీలు కడగమని ఎవరన్నారండీ? తెల్లవారుజామున కడగడమే కదా నా పద్ధతిలో సగం!